పొందూరు పద్ధతిలో నూలు వడకడం ఎలా?

వీడియో చూసి రాట్నం కొనేసి, నెల తిరిగేసరికి చీర నేసేద్దామనుకునేవాళ్ళు ఏటా నలుగురైనా నా దగ్గరికొస్తారు. అందరిదీ ఒకటే తప్పు. నూలు తెగుతోందని ఏడుస్తూ ఇంకా గట్టిగా లాగుతారు.

కావలసినవి: ఒంటి కదురు (నూలు చుట్టుకునే ఇనుప పుల్ల) రాట్నం, నాలుగు చుక్కల కొబ్బరినూనె, ఏకులు (వడకడానికి చుట్టిపెట్టిన దూది చుట్టలు). కదురు వంకర లేకుండా చూసుకోండి. కూర్చోవడం నేల మీదే. కుర్చీలో కూర్చుని వడికేవాళ్ళూ ఉన్నారు, నేను మాత్రం నేర్పను. తకిలీతో, అంటే చేత్తో తిప్పే చిన్న కదురుతో మొదలుపెట్టమని కొందరంటారు. వద్దు, చెయ్యి పాడవుతుంది.

ఏకులు మొదట్లో కొనుక్కోండి. శ్రీకాకుళం జిల్లా పొందూరులో గింజకంటుకున్న పత్తిని వాలుగ చేప దవడతో దువ్వుతారు. చెక్క మీద ఇనుప కడ్డీ దొర్లించి గింజ తీస్తారు. చిన్న వింటితో ఏకి, ఏకులు చుట్టి, నలగకుండా ఎండిన అరటిదొప్పలో పెడతారు. పత్తి ఎక్కడా నలగదు కాబట్టే 100 కౌంటు నూలు వస్తుంది. 840 గజాల చిలపలు (నూలు చుట్టలు) పౌండు దూదికి ఎన్నొస్తే అన్ని కౌంట్లు, కౌంటు పెరిగేకొద్దీ నూలు సన్నం. అంటే 100 కౌంటులో పౌండు దూదికి 84,000 గజాలు. శ్రీకాకుళం నుంచి విజయనగరం దాకా పరిచినా ఇంకా మిగులుతుంది. ఈ పని కళ్ళారా చూడాలంటే పొందూరు వెళ్ళండి. అక్కడ 1949లో పెట్టిన ఆంధ్రా ఫైన్ ఖాదీ కార్మికాభివృద్ధి సంఘంలో అడిగితే వాడ చూపిస్తారు.

ఇక అసలు పని. కదురుకు జానెడు నూలు కట్టి, దాని కొసను ఏకు కొసకు ఆనించండి. కుడిచేత్తో చక్రం మెల్లగా తిప్పుతుంటే ఎడమచెయ్యి వెనక్కి జరగాలి. జరగాలన్నాను, లాగాలనలేదు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఏకును చిటికెడు ముక్కుపొడి పట్టినంత వదులుగా పట్టుకోవాలి. నాకు నేర్పిన పెద్దమ్మ నా మణికట్టు మీద కొట్టి మరీ చెప్పేది, "లాగీకే అమ్మా, దానంతటదే వస్తాది" అని.

ఎందుకంటే, మెలి ముందుగా సన్నగా ఉన్నచోటికే పరిగెడుతుంది. అక్కడ నూలు బిగుస్తుంది. లావుగా ఉన్నచోట మెలి పడక ఇంకా మెత్తగా ఉంటుంది, చెయ్యి వెనక్కి జరిగేకొద్దీ ఆ లావే సాగి సన్నబడుతుంది. ఈలోపు కంగారుపడి చక్రం గిర్రున తిప్పారా, లావు లావుగానే బిగుసుకుంటుంది, ఇక సాగదు. చక్రం మరీ నెమ్మదించినా మెలి చాలక ఏకు ఊడిపోతుంది. నూలు తెగిందంటే ముందు చక్రం ఆపి తెగిన కొసను చూడండి. కుచ్చులా విచ్చుకుంటే మెలి చాల్లేదు. ఉంగరాలు తిరిగితే మెలి ఎక్కువైంది.

అంబర్ చరఖా అని చాలా కదుర్లుండే రాట్నం ఒకటుంది, అందులో దూదిని సాగదీసేవి రోలర్లు. పని వేగంగానే సాగుతుంది, కాదనను. కానీ వేళ్ళకు చదువు రాదు.

తెగితే ముడి వేయకండి. నూలు కొస కాస్త విప్పి, ఏకు మీద పరిచి, చక్రం నాలుగు చుట్లు తిప్పండి, అదే అతుక్కుంటుంది. ముడి వేస్తే మగ్గం మీద అచ్చుపళ్ళలో (నూలు పోగులు దూరే దువ్వెనలాంటి పళ్ళలో) ఇరుక్కుని ప్రాణం తీస్తుంది. రెండుమూడు అడుగులు వచ్చాక చక్రాన్ని కొద్దిగా వెనక్కి తిప్పి, చెయ్యి దించి కదురుకు చుట్టుకోండి. మిట్టమధ్యాహ్నం ఎండగాలిలో వడకొద్దు. పొద్దున్నే కూర్చోండి.

తర్వాత చిలపలు కట్టడం, పడుగుకు (నిలువు పోగులకు) గంజి పెట్టడం, గుంట మగ్గం మీద పేకను (అడ్డపోగును) నడిపే నాడె ఆడించడం. వాటికి నేతగాడి పక్కన కూర్చోవాల్సిందే, చదివితే రావు. పేక కొంచెం ఎగుడుదిగుడైనా సర్దుకుంటుంది, పడుగు సర్దుకోదు.

మొదటి నెల నూలు మాత్రం నేతగాడి దగ్గరికి పట్టుకెళ్ళకండి. నేను పట్టుకెళితే, పేకకు కూడా పనికిరాదని మొహమాటం లేకుండా వెనక్కిచ్చాడు. దేవుడి దగ్గర వత్తులకు వాడుకోండి. నాది మా ఇంట్లో రెండు కార్తీకాలొచ్చింది.