వరస ఇళ్లలో చీకటి వంటింటికి వెలుతురు తేవడం ఎలా?

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి పాత వీధుల్లో మనవాళ్ల ఇళ్లు చాలావరకు రైలుపెట్టెల్లా పొడుగ్గా ఉంటాయి. పక్కగోడలు ఉమ్మడివి, వాటికి కిటికీ పెట్టే వీల్లేదు. వంటిల్లు చిట్టచివర చీకట్లో ఉండిపోతుంది. ఇక వెలుతురుకు మూడే దారులు: కప్పు, పెరడు, హాలు. కొత్త కప్‌బోర్డులు కొనేముందు వీటి సంగతి చూడండి.

మొదట అటక ఖాళీ చేయించండి. కిటికీకి అడ్డొచ్చే సామాను సగం అక్కడే ఉంటుంది. తర్వాత గోడలు. కట్టెపొయ్యి నాటి మసి మీద నేరుగా సున్నం వేస్తే పసుపు మరకలు మళ్లీ పైకి తేలతాయి. మసి గీకి, వాషింగ్ సోడా కలిపిన వేడినీళ్లతో కడిగి, బాగా ఆరాకే వెల్ల వేయించండి.

పెంకుటిల్లయితే తరుగుడు బల్లకు పైన రెండు మూడు గాజు పెంకులు వేయించండి. ఇంత తక్కువ ఖర్చుతో ఇంత మార్పు తెచ్చే పని ఇంకోటి లేదు. 2013లో ఫైలిన్, 2018లో తిత్లీ తుఫాన్లు చూసిన ప్రాంతం మనది. ఆ పెంకుల్ని తీగతో గట్టిగా కట్టించాలి. కప్పు పని సంక్రాంతి తర్వాత మొదలుపెట్టి వానల్లోపు ముగించండి. స్లాబు ఇల్లయితే దాన్ని కోయొద్దు. పెరటి గోడకు ఎత్తులో వెంటిలేటర్లు పెట్టించండి.

హాలు వైపు గోడ విషయంలో తొందర వద్దు. నాలుగున్నర అంగుళాల గోడ సాధారణంగా అడ్డుగోడే, తొమ్మిది అంగుళాలదైతే కప్పు బరువు మోస్తూ ఉండొచ్చు. మందం ఒక్కటే చూసి తేల్చకుండా, దూలాలు దేనిమీద ఆనాయో ఇంజనీరుకు చూపించండి. గోడ మొత్తం తీయించడం నాకు సమ్మతం కాదు: చేపల వేపుడు వాసన ఇల్లంతా పడుతుంది. నాలుగడుగుల కిటికీలాంటి ఖాళీ చాలు, వండేవాళ్లు హాల్లోవాళ్లతో మాట్లాడుతూనే ఉండొచ్చు. పగలగొట్టేముందు కప్పుకు ఊతకర్రలు పెట్టించాలి. ఖాళీ పైన గోడను మోసే అడ్డదూలం, అంటే లింటెల్, రెండువైపులా కనీసం ఆరంగుళాలు గోడమీద కూర్చోవాలి.

వంటగ్యాస్ గాలికన్నా బరువు, లీకైతే నేలబారున పేరుకుంటుంది. అందుకే పైన ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉన్నా, నేలమట్టంలో బయటికి ఒక కన్నం తప్పనిసరి.

వంటగట్టు ఎత్తు 32 నుంచి 34 అంగుళాలు అంటారు. వండే మనిషిని నిలబెట్టి మోచేతికి నాలుగంగుళాలు కిందికి కొలవండి. నల్ల గ్రానైట్ వెలుతురు మింగేస్తుంది, లేతరంగుది తీసుకోండి. దీపం వీపు వెనక కాదు, గట్టు పైనున్న అర కింద ఉండాలి.

ఒక్క గూడు మాత్రం చీకటిగానే ఉంచండి. ఊరగాయ జాడీలకు ఎండ, తడి రెండూ పడవు. సింకు గోడకు దూరంగా దానికి చోటు చూడండి.