గాఫ్ పడవతో పందెం – నాలుగో పాఠం: పీక్ తాడు, ఎదురుగాలి, స్టార్ట్ గీత

కిందటి పాఠంలో మాస్ట్ (తెరచాప స్తంభం) నిలబెట్టి, తాళ్ళన్నిటినీ అవి కట్టే క్లీట్లకు చేర్చాం. ఈసారి పందెంలో మొదటి అరగంట చూద్దాం. నమూనా పడవ మారలేదు, అదే కార్నిష్ ష్రింపర్ 19. రోజర్ డాంగ్రే గీసిన ఈ పడవ 1979లో వచ్చింది. ఒళ్ళు ఫైబర్‌గ్లాస్, తెరచాప మాత్రం పాతకాలపు గాఫ్, అంటే పై అంచును ఏటవాలు కర్ర ఒకటి పట్టి ఉంచేది; ముక్కు నుంచి ముందుకు పొడుచుకొచ్చిన కర్ర బౌస్ప్రిట్. పొడవు 5.87 మీటర్లు, వెడల్పు 2.18, బరువు టన్ను పైచిలుకు. 1963లో మొదలైన ఓల్డ్ గాఫర్స్ అసోసియేషన్ పందేల్లో నూరేళ్ళ నాటి చెక్క పడవల పక్కనే ఇలాంటివీ గీత మీదికి వస్తాయి.

హుస్సేన్‌సాగర్‌లో లేజర్ (ఒక్కరే నడిపే చిన్న పందెం పడవ) మీద నేర్చుకుని, ఇప్పుడు ఇంగ్లండ్‌లో ఉంటూ ఇలాంటి పడవ ఎక్కినవాళ్ళు ఈ పాఠం ఇంకాస్త జాగ్రత్తగా చదవాలి. మీకు కొత్తగా నేర్చుకోవలసింది తక్కువ, మానుకోవలసింది ఎక్కువ. లేజర్ ఒళ్ళు 59 కిలోలు. అది ఆగితే మూడు నాలుగు సెకన్లలో మళ్ళీ పరుగెత్తుతుంది. ష్రింపర్ ఒకసారి ఆగిందంటే నిమిషం పోయినట్టే. కింద చెప్పేవన్నీ ఈ ఒక్క తేడా చుట్టూ తిరుగుతాయి.

ముందు తెరచాప. గాఫ్ కర్రను రెండు తాళ్ళు (హాల్యార్డులు) లేపుతాయి. మాస్ట్ దగ్గరి కొసను త్రోట్ హాల్యార్డ్, బయటి కొసను పీక్ హాల్యార్డ్. పడవ ముక్కు గాలికి ఎదురుగా పెట్టండి. బూమ్ (తెరచాప కింది కర్ర) కొసను పైనుంచి పట్టే టాపింగ్ లిఫ్ట్ తాడు బిగించి బూమ్ బరువు దానిమీద వేయండి. మెయిన్‌షీట్‌ను, అంటే పెద్ద తెరచాపను లోపలికి లాగే తాడును, పూర్తిగా వదలండి. రెండు హాల్యార్డులనూ కలిపి లాగుతూ గాఫ్‌ను అడ్డంగా, కాస్త కొస పైకి ఉండేలా లేపండి. పైకి చేరాక త్రోట్ బిగించి కట్టేయండి. తెరచాప ముందంచు కర్రలా బిగియాలి. పీక్ ఆ తరవాతే. పీక్ ముందు బిగించేస్తే త్రోట్ చివరి పది సెంటీమీటర్లూ ఎంత లాగినా రాదు, ఎందుకంటే అప్పటికే వెనకంచు బూమ్ బరువును మోస్తుంటుంది.

పీక్ ఎంత లాగాలన్నది ముడతలే చెబుతాయి. గాఫ్ బయటి కొస నుంచి తెరచాప ముందరి కింది మూలకు ఏటవాలుగా ఒక ముడత కనిపించేదాకా లాగండి. చూడ్డానికి తప్పులా ఉంటుంది, తప్పు కాదు. గాలి నిండగానే గాఫ్ కొస కొంచెం కుంగుతుంది, ముడత పోతుంది. గాలి నిండాక కూడా ఉండిపోతే పీక్ ఎక్కువైంది, అంగుళం అంగుళంగా వదలండి. ముడత అటు కాకుండా త్రోట్ నుంచి వెనక కింది మూలకు పడితే పీక్ చాలలేదు. ముందంచు వెంట చిన్న చిన్న అడ్డ ముడతలుంటే త్రోట్ వదులుగా ఉంది. కొత్త తాడు బరువు పడ్డాక సాగుతుంది కాబట్టి, బయలుదేరిన ఇరవై నిమిషాలకు, అంటే స్టార్ట్‌కు ముందే, రెండూ మరోసారి బిగించండి.

చివరగా టాపింగ్ లిఫ్ట్ వదలండి. కొత్తవాళ్ళు మరిచిపోయేది ఇదే. అది బిగిసి ఉంటే బూమ్ కిందికి దిగదు, వెనకంచు సంచిలా వదులవుతుంది. ఇక పీక్‌తో ఎంత కుస్తీ పట్టినా లాభం లేదు.

ఇక ఎదురుగాలి. గాఫ్ పై కొసను ఏ తాడూ పక్కనుంచి పట్టుకోదు, అందుకే అది గాలి వెళ్ళే వైపుకు వాలుతుంది. తెరచాప పై మూడో వంతు మిగతా దానికన్నా విచ్చుకుని ఉంటుంది. దాన్ని లోపలికి తేవాలని లేజర్ అలవాటు కొద్దీ మెయిన్‌షీట్‌ను గట్టిగా లాగేస్తారు. అప్పుడు కింది సగం ఊపిరాడక చస్తుంది, టిల్లర్ (చుక్కాని పిడి) బరువెక్కుతుంది, వేగం పడిపోతుంది. వెనకంచున పైభాగంలో 20 సెంటీమీటర్ల ఊలు దారం కట్టుకోండి. అది సగం సేపు వెనక్కి ఎగురుతూ, సగం సేపు తెరచాప చాటుకు దాక్కుంటూ ఉంటే మెయిన్‌షీట్ సరిగ్గా ఉంది. ఎప్పుడూ దాక్కునే ఉంటే పది సెంటీమీటర్లు వదలండి.

టిల్లర్ బరువు మాటకొస్తే, చుక్కాని ఐదారు డిగ్రీలకు మించి తిప్పి పట్టుకోవలసి వస్తోందంటే అది చుక్కాని పని మాని బ్రేకు పని చేస్తోంది. పొడవైన బూమ్ వల్ల తెరచాప వైశాల్యం వెనక్కి పోయి, పడవ ముక్కు గాలివైపు తిరగబోతుంది. మెయిన్‌షీట్ వదిలి చూడండి. చాలకపోతే సెంటర్‌ప్లేట్ (పడవ పక్కకు జారకుండా అడుగున నీళ్ళలోకి దిగే పలక) తాడు కొద్దిగా లాగండి. ప్లేట్ ముందు మేకు మీద తిరుగుతుంది కాబట్టి, లేపినప్పుడు దాని వైశాల్యం వెనక్కి జరిగి టిల్లర్ తేలికవుతుంది. అప్పటికీ చేయి నొప్పి పుడుతుంటే రీఫ్ కట్టే, అంటే తెరచాపలో కొంత మడిచి చిన్నది చేసే, సమయం వచ్చింది. రీఫ్ కడితే వెనకబడతామన్న భయం గాఫ్ పడవలో దండగ. ఒరిగి ఈడ్చుకుపోయే పడవకన్నా నిటారుగా నడిచే పడవే ముందుంటుంది.

గాలికి ఎంత దగ్గరగా పోవాలి? లేజర్ సుమారు 45 డిగ్రీలు పోతుంది. గాఫ్ పడవకు 50 అనుకోండి. పక్కన ఒక కొత్త తరహా పడవ మీకన్నా ఎత్తుగా, అంటే గాలికి ఇంకా దగ్గరగా, పోతుంటే చూసి మీరూ ముక్కు గాలివైపు ఎత్తకండి. లెక్క చూడండి. 50 డిగ్రీల్లో 4 నాట్లు పోతే గాలికి ఎదురుగా మీకు దక్కేది 2.57 నాట్లు. ముక్కు 46కి ఎత్తితే వేగం 3.4కి పడిందనుకోండి, దక్కేది 2.36. అదీ పక్కకు జారడాన్ని లెక్కలోకి తీసుకోకుండా. వేగం తగ్గితే ప్లేట్ పట్టు తప్పి జారుడు పెరుగుతుంది, నష్టం ఇంకా ఎక్కువ.

ట్యాక్ తిప్పేటప్పుడు, అంటే ముక్కును గాలి దాటించి అవతలి వైపుకు మళ్ళేటప్పుడు, టిల్లర్‌ను ఒక్కసారిగా తోసేయకండి. చుక్కాని అడ్డం పడి పడవ ఆగిపోతుంది. మొదటి సగం నెమ్మదిగా, ముక్కు గాలి దాటాక కాస్త వేగంగా తిప్పండి. అలల్లో ముక్కు దాటేలా లేకపోతే జిబ్ షీట్‌ను (ముందు తెరచాప తాడును) పాత వైపే ఒక క్షణం పట్టి ఉంచితే, వెనక్కి నిండిన జిబ్ ముక్కును తోస్తుంది. కొత్త వైపు తిరిగాక ముక్కును గాలి నుంచి ఐదు డిగ్రీలు దూరంగా దించి, షీట్లు వదులుగా ఉంచి, వేగం వచ్చాకే బిగించండి.

ఇక స్టార్ట్. మామూలు క్రమం ఇది: 5 నిమిషాలకు క్లాస్ జెండా, 4కి ప్రిపరేటరీ (సిద్ధం కమ్మనే) జెండా ఎగురుతాయి, 1 నిమిషం మిగిలినప్పుడు ప్రిపరేటరీ దిగుతుంది, సున్నాకి క్లాస్ జెండా దిగుతుంది. పాత పడవల పందేల్లో దీన్ని మార్చుకునేవాళ్ళూ ఉంటారు, అందుకని సెయిలింగ్ సూచనల కాగితం ముందురోజు రాత్రే చదవండి. లేజర్‌లో గీత మీద తెరచాప రెపరెపలాడిస్తూ నిలబడొచ్చు. ఇక్కడ నిలబడితే పక్కకు కొట్టుకుపోతారు. నడుస్తూనే రావాలి. దానికో పాత లెక్కుంది: గీత నుంచి దూరంగా పోయేటప్పుడు మిగిలిన సమయానికి, తిరగడానికి పట్టే సమయాన్ని కలిపి సగం చేయండి. అన్ని సెకన్లు మిగిలినప్పుడు తిరగడం మొదలుపెట్టాలి. 120 సెకన్లు మిగిలి ఉండగా గీత దాటారు, తిరగడానికి 20 పడుతుంది. (120+20)లో సగం 70. అంటే 50 సెకన్లు పోయి, 20లో తిరిగి, 50లో గీతకు చేరతారు. పోయే వేగం, వచ్చే వేగం ఒకటైతేనే ఇది పనిచేస్తుంది. కాబట్టి గాలి పక్కనుంచి తగిలే దారి ఎంచుకుని, ముందు రెండుసార్లు గడియారం పట్టి సాధన చేయండి. ఆఖరి పరుగు గాలి కుడివైపు నుంచి తగిలేలా, స్టార్‌బోర్డ్ ట్యాక్ మీద ఉండాలి.

బౌస్ప్రిట్ గురించి తగాదాలు పడేవాళ్ళు చాలామంది. 2021 నుంచి స్టార్ట్, ఫినిష్ రెండింటికీ పడవ ఒళ్ళే లెక్క, బౌస్ప్రిట్ గీత దాటితే దాటినట్టు కాదు. ఒకరినొకరు దాటుకునేటప్పుడు ఓవర్‌ల్యాప్ (ఒక పడవ ఇంకోదాని పక్కకు వచ్చి ఉండటం) ఉందా లేదా అని చూసేటప్పుడు మాత్రం మామూలు స్థానంలో ఉన్న సామగ్రీ లెక్కే, అంటే బౌస్ప్రిట్ కూడా. మార్క్‌కు (పందెం దారి గుర్తుగా ఉంచిన బోయాకు) అది తగిలినా మీరు తగిలినట్టే, ఒక చుట్టు తిరగాలి. పక్కన ఇరవై టన్నుల చెక్క పడవ వస్తుంటే హక్కు మీదే అయినా దారి చూసుకోండి, అది ఆగలేదు. హక్కున్న పడవకూ వీలైనంతవరకు తాకిడి తప్పించే బాధ్యత ఉందని నిబంధనే చెబుతుంది.

ముందు చేరినవాడే గెలవాలనేం లేదు, పట్టిన సమయాన్ని పడవ గుణకంతో గుణిస్తారు. ఉదాహరణకు మీ గుణకం 0.800, ఎదుటి పడవది 0.850 అనుకోండి. మీకు 90 నిమిషాలు, అంటే 5400 సెకన్లు పడితే దిద్దిన సమయం 4320. ఆ పడవ మీతో సమానం కావాలంటే 84 నిమిషాల 42 సెకన్లలో చేరాలి. కనుక గంటన్నర పందెంలో ఐదు నిమిషాల ముందు కనిపించే పడవను చూసి నీరుగారిపోయి అడ్డదారులు వెతక్కండి, మీ పడవ వేగం మీదే దృష్టి పెట్టండి.

వచ్చే పాఠానికి ముందు చేయవలసిన సాధన: పది ట్యాకులు, ఒక్కోదానికి పాత వేగం మళ్ళీ రావడానికి ఎన్ని సెకన్లు పట్టిందో రాసుకోండి. అలాగే లెక్కగట్టిన స్టార్ట్ పరుగులు ఐదు, ప్రతిదానికీ ఎన్ని సెకన్లు ముందో వెనకో రాయండి. ఆ అంకెలు పట్టుకుని ఐదో పాఠంలో వెనకగాలికి, గాఫ్ ఎగిరి అవతలి వైపు పడే జైబ్‌కు వెళ్దాం.