పైకి చెప్పరు, మళ్ళీ రారు: పార్లర్‌లో క్లయింట్ ఇబ్బందులు, కారణాలు, ఏం చేయాలి

బెజవాడలో పార్లర్ నడిపేవాళ్ళకి తెలిసిందే, మనవాళ్ళు నొప్పి పుట్టినా మొహం మీద చెప్పరు, డబ్బులిచ్చి నవ్వుతూ వెళ్ళిపోతారు, వచ్చే నెల నుంచి పక్క వీధి పార్లర్‌లో కనిపిస్తారు. అందుకే కంప్లైంట్ వచ్చేదాకా ఆగకుండా మనమే కనిపెట్టుకోవాలి.

సమస్య: మసాజ్‌లో "ప్రెషర్ ఓకేనా మేడమ్" అంటే "ఆ, పర్లేదు" అంటారు. కానీ కాలి వేళ్ళు లోపలికి ముడుచుకుంటాయి, ఊపిరి బిగబట్టేస్తారు, భుజం గట్టిపడిపోతుంది.
కారణం: సగం మనం అడిగే తీరులోనే ఉంది. ఓకేనా అంటే ఎవరైనా ఓకే అనే అంటారు, పైగా ఒంటి మీద సరిగ్గా బట్టల్లేకుండా బోర్లా పడుకున్న మనిషికి కాదని చెప్పడం ఇంకా కష్టం.
పరిష్కారం: "తగ్గించనా, ఇలాగే ఉంచనా, కొంచెం పెంచనా" అని అడగండి, అదీ మొదట్లోనే. వేళ్ళు వదులయ్యేదాకా ప్రెషర్ పెంచొద్దు. ఏ భాగం చేస్తున్నామో అదొక్కటే తెరిచి మిగతాదంతా టవల్ కిందే ఉంచాలి. బట్టలు మార్చుకునేటప్పుడు మనం బయట ఉండాలి, తలుపు తట్టకుండా లోపలికి రాకూడదు, నూనె సీసా కావాలని హెల్పర్ అమ్మాయి వచ్చినా సరే. పొట్ట, తొడల దగ్గర ముందే అడగండి, వద్దంటే ఎందుకని అడక్కండి.

సమస్య: హెయిర్ వాష్ అవుతుండగా మెడ లాగుతోంది, తల తిరుగుతోంది అంటారు.
కారణం: బేసిన్ అంచు మీద మెడ బాగా వెనక్కి వంగిపోయి అక్కడి రక్తనాళం నొక్కుకోవడం కావచ్చు. ఇది చిన్న విషయం కాదు, 1993లో అమెరికాలో ఒక న్యూరాలజిస్ట్ ఇలా తల వాల్చి వాష్ చేయించుకున్నాక స్ట్రోక్ లక్షణాలు వచ్చిన ఐదుగురు ఆడవాళ్ళ గురించి రాశాడు. చాలా అరుదు, కానీ వచ్చిందంటే జీవితమే తారుమారు.
పరిష్కారం: మెడ కింద మందంగా టవల్ మడిచి పెట్టండి, కుర్చీ ఎత్తు సరిచేయండి, పెద్దవాళ్ళకి ముందుకి వంగి చేయించుకుంటారేమో అడగండి. తల తిరుగుతోందంటే వెంటనే ఆపేయాలి. మూతి వంకరపోయినా, మాట తడబడినా, ఒక చెయ్యి లేవకపోయినా నీళ్ళు చల్లుతూ కూర్చోకుండా 108కి ఫోన్ చేయండి.

సమస్య: మే నెలలో వాక్స్ పట్టదు, మళ్ళీ మళ్ళీ లాగితే చర్మం ఎర్రబడుతుంది.
కారణం: చెమట. బీసెంట్ రోడ్‌లో మిట్టమధ్యాహ్నం షాపింగ్ చేసి నేరుగా వచ్చిన మనిషికి ఆ క్షణమే మొదలుపెడితే ఏ వాక్స్ అయినా జారుతుంది.
పరిష్కారం: కాసేపు ఏసీలో కూర్చోబెట్టి, తుడిచి, పల్చగా పౌడర్ వేయండి. వెంట్రుక పెరిగే వైపు రాసి, దానికి ఎదురుగా, చర్మానికి దగ్గరగా లాగాలి, పైకి ఎత్తి లాగొద్దు. మిగిలిపోయినవి ప్లక్కర్‌తో తీసేయండి. చర్మం పొర ఊడొస్తుంటే మాత్రం చెమట తప్పు కాదు, మొటిమల క్రీములు, రెటినాల్ వాడుతున్నారేమో అడగాలి. మొటిమలకి డాక్టర్లు రాసే ఐసోట్రెటినోయిన్ మాత్రలు వేసుకుంటుంటే, ఆపాక కూడా ఆర్నెల్ల దాకా వాక్స్ వద్దు.

సమస్య: డై వేసుకున్న మర్నాడు దురద, కనురెప్పలు వాపు.
కారణం: ఎక్కువగా డైలో ఉండే పీపీడీ అనే రసాయనం. "ఇన్నేళ్ళుగా ఇదే వేసుకుంటున్నానమ్మా" అంటారు, కానీ ఏళ్ళ తర్వాత కూడా ఎలర్జీ మొదలవ్వచ్చు.
పరిష్కారం: 48 గంటల ముందు చెవి వెనక ప్యాచ్ టెస్ట్, అంటే కొంచెం డై రాసి పడుతుందో లేదో చూడటం, ప్రతిసారీ. శ్రావణమాసం రష్‌లో కుదరదంటారా, అపాయింట్‌మెంట్ ఇచ్చే రోజే వేసి పంపండి.

త్రెడింగ్ దారం నోట్లో పెట్టుకునే అలవాటు మానేద్దాం, మెడకి కట్టుకునే పద్ధతి నేర్చుకుంటే వస్తుంది.

ఇంకొకటి, ఒక్క పిక్క మాత్రమే వాచి, వేడిగా, ముట్టుకుంటే నొప్పిగా ఉంటే ఎంత బతిమాలినా మసాజ్ చేయొద్దు. లోపల రక్తం గడ్డ కట్టి ఉండొచ్చు, రుద్దితే కదిలి ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. ఆ రోజు డబ్బులు తీసుకోకుండా వెంటనే డాక్టర్ దగ్గరికి పంపించండి, సాయంత్రం ఒకసారి ఫోన్ చేసి ఏమన్నారో కనుక్కోండి.