సొసైటీ పని ఎక్కడో ఆగిందా? ముందు రిజిస్ట్రార్ ఆఫీసు ఫైలు చూడండి

బ్యాంకు కాగితాలు వెనక్కి ఇస్తే బ్యాంకు మేనేజరుతో, స్వచ్ఛంద సంస్థలు నమోదయ్యే కేంద్ర ప్రభుత్వ దర్పణ్ పోర్టల్ పేరు ఒప్పుకోకపోతే మీసేవ కుర్రాడితో, ఇన్‌కమ్ ట్యాక్స్ అప్లికేషన్ తిరస్కరిస్తే ఆడిటర్‌తో గొడవ పడతారు. తప్పు దొరికేది మాత్రం సొంత బీరువాలోనే. అందుకే ఎవరి దగ్గరికీ వెళ్లకముందే నాలుగు కాగితాలు పక్కపక్కన పెట్టండి: రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్, రిజిస్ట్రార్ ముద్ర ఉన్న బైలాస్ (సంఘం నియమావళి), సంఘం పాన్ కార్డు, రిజిస్ట్రార్‌కు చివరిసారి ఇచ్చిన కార్యవర్గ జాబితా. నాలుగోది దొరకలేదంటే మీ సమస్య దాదాపు తేలిపోయినట్టే. దాని సంగతి కింద వివరంగా ఉంది.

బైలాస్ రాయడం, మినిట్స్ బుక్ నిర్వహించడం తెలిసినవాళ్ల కోసమే ఇది. తెలంగాణలో సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదైన సంఘాల గురించి మాత్రమే. ట్రస్టులు, సెక్షన్ 8 (లాభాపేక్ష లేని) కంపెనీల దారి వేరు.

పేరు సరిపోలడం లేదంటున్నారు

సర్టిఫికెట్ మీద ‘సమితి’కి ఇంగ్లిష్‌లో చివర టీ, ఐ మాత్రమే ఉంటాయి. పాన్ కార్డు మీద టీ, హెచ్, ఐ ఉంటాయి. బ్యాంకు పాస్‌బుక్కులో ‘సొసైటీ’ అనే మాటే ఎగిరిపోతుంది. మనిషి కంటికి మూడూ ఒకటే, పోర్టల్‌కు మూడు వేర్వేరు సంఘాలు. అక్షరం అక్షరం, చుక్క, ఖాళీతో సహా సరిచూడండి. సర్టిఫికెట్‌లో ఉన్నదే ప్రామాణికం. దాని నకలు జతచేసి పాన్ కరెక్షన్‌కు పెట్టుకోండి. పాన్ సరయ్యాకే బ్యాంకు, ఆ తర్వాతే దర్పణ్. ఈ వరుస తప్పితే చేసిన పనే మళ్లీ చేయాలి.

పాన్ నంబరులో నాలుగో అక్షరం కూడా చూడండి. అక్కడ ‘పీ’ ఉంటే అది సంఘం పాన్ కాదు, ఒక వ్యక్తిది. అధ్యక్షుడి పాన్‌తో ఖాతా తెరిచి ఏళ్ల తరబడి నడిపిస్తున్న యువజన సంఘాలు ఇంకా ఉన్నాయి. అలాంటిచోట సరిదిద్దడం కుదరదు. సంఘం పేరిట కొత్త పాన్, కొత్త ఖాతా తీసుకోవాల్సిందే.

బ్యాంకు సంతకాలు మార్చడం లేదు

కార్యదర్శి చనిపోయాడు, లేదా హైదరాబాద్ వెళ్లిపోయాడు. కొత్త కార్యదర్శిని ఎన్నుకొని, తీర్మానం రాసి, అందరూ సంతకాలు పెట్టి బ్యాంకుకు ఇచ్చారు. ‘రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి కార్యవర్గ జాబితా తెండి’ అన్నారు. తీరా వెళ్తే అక్కడి ఫైలులో సంఘం పెట్టిన నాటి ఏడుగురి పేర్లే ఉన్నాయి.

ఇది అందరూ పడే గుంట. 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, ఇప్పుడు తెలంగాణకు అన్వయించుకున్నది, సెక్షన్ 9 ప్రకారం ఏటా జనరల్ బాడీ జరిగిన 15 రోజుల్లోగా కార్యవర్గ జాబితా రిజిస్ట్రార్‌కు ఇవ్వాలి. ఇవ్వకపోతే ఏమవుతుంది? చాలాకాలం ఏమీ కాదు. అదే దీనితో వచ్చిన చిక్కు. నోటీసు రాదు, ఖాతా నడుస్తూనే ఉంటుంది, ఆడిట్ అయిపోతుంది. సంతకం చేసే మనిషి మారిన రోజున మాత్రం అన్నీ ఒకేసారి ఆగుతాయి. ఖాతాలో సంతకం పాతవాడిది, ఇన్‌కమ్ ట్యాక్స్ పోర్టల్‌లో ఫోన్ నంబరు పాతవాడిది, దర్పణ్‌లో ఆఫీస్ బేరర్ల పాన్‌లు పాతవాళ్లవి. లక్షణం బ్యాంకులో కనబడుతుంది గాని జబ్బు రిజిస్ట్రార్ ఆఫీసులో ఉంది.

సరిచేయడానికి ముందు ఫైలు ఎక్కడుందో తేల్చుకోండి. 2016 అక్టోబరులో నల్లగొండ మూడు జిల్లాలైంది, పాలమూరు కూడా ముక్కలైంది, 2019లో నారాయణపేట విడిగా వచ్చింది. జిల్లా మారింది కదా అని సూర్యాపేటలోనో వనపర్తిలోనో వెతకకండి. సర్టిఫికెట్ మీద ఏ జిల్లా రిజిస్ట్రార్ ముద్ర ఉందో అక్కడే మొదట అడగాలి. పాత గ్రంథాలయ సంఘాల సర్టిఫికెట్లపై ‘1350 ఫసలీ’ చట్టం పేరు ఉంటుంది. అది చెల్లదని ఎవరైనా మళ్లీ రిజిస్టర్ చేయించబోతే ఆపండి. ఆ సంఘాలను 2001 చట్టం కింద రిజిస్టర్ అయినట్టే లెక్కిస్తారు.

ఫైలు నకలు తీసుకున్నాక బైలాస్‌లో మూడు విషయాలు చూడండి: కార్యవర్గ పదవీకాలం ఎంత, జనరల్ బాడీకి ఎన్ని రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, కోరం (కనీస హాజరు) ఎంత. ఆ ప్రకారమే ఇప్పుడు ఒక జనరల్ బాడీ పెట్టి ఎన్నిక జరపండి. జాబితా ఇవ్వని సంవత్సరాల సంగతి దాచకుండా తీర్మానంలో రాయండి. ఆ ఏళ్లలో నిజంగా సమావేశాలు జరిగి మినిట్స్ ఉంటే ఒక్కో ఏడాదికి ఒక్కో జాబితా చొప్పున ఇవ్వండి. జరగకపోతే పాత తేదీలు వేసి మినిట్స్ పుట్టించొద్దు. డాక్యుమెంట్ రైటర్లు ఈ సలహా తేలిగ్గా ఇస్తారు. చనిపోయినాయన ఆ తర్వాతి తేదీ సమావేశంలో సంతకం చేసినట్టు బయటపడితే ఇరుక్కునేది మీరు, వాళ్లు కాదు.

జాబితాతో పాటు నోటీసు నకలు, హాజరు సంతకాలు, మినిట్స్ నకలు, దిగిపోయినవాళ్ల రాజీనామాలు లేదా మరణ ధ్రువపత్రం, కొత్తవాళ్ల సమ్మతి, ఆధార్ నకళ్లు పెట్టండి. చాలా ఫైళ్లు ఇంకోచోట ఆగిపోతాయి: ఎన్నికైన మనిషి అసలు సభ్యుడే కాకపోవడం. సభ్యుల రిజిస్టరులో అతని పేరు, చేర్చుకున్న తీర్మానం, సభ్యత్వ రుసుము రసీదు, ఈ మూడూ ఎన్నిక తేదీకి ముందువై ఉండాలి. మర్రిగూడలో ఫ్లోరైడ్ బాధితుల కోసం పనిచేసే సంఘమైనా, కోస్గిలో వలస కూలీల పిల్లలకు బడి నడిపే సంఘమైనా, బాగా తిరిగి పనిచేసే కుర్రాణ్ని నేరుగా కార్యదర్శిని చేస్తారు. సభ్యుడిగా చేర్చుకోవడం మరిచిపోతారు.

ఇచ్చిన కాగితాలకు ముద్రతో రసీదు తీసుకోండి. ఫైలులో చేరాక సర్టిఫైడ్ కాపీకి దరఖాస్తు పెట్టి రెండు మూడు ప్రతులు తెచ్చుకోండి. బ్యాంకుకు ఇచ్చేది ఆ ప్రతి, మీ జిరాక్స్ కాదు.

పాత వర్గం ‘మేమే అసలు కమిటీ’ అని పోటీ జాబితా ఇస్తే రిజిస్ట్రార్ తీర్పు చెప్పరు. సెక్షన్ 23 కింద మధ్యవర్తిత్వానికో జిల్లా కోర్టుకో వెళ్లాలి. రిజిస్ట్రార్ ఆఫీసులో పైరవీలకు ఖర్చుపెట్టే పైసలు వకీలుకు పెట్టుకోండి.

12ఏ వచ్చింది, మళ్లీ పోయింది

12ఏ అంటే సంఘం ఆదాయానికి పన్ను మినహాయింపు కోసం తీసుకునే ఇన్‌కమ్ ట్యాక్స్ రిజిస్ట్రేషన్. కొత్త సంఘానికి 10ఏ ఫారంతో వచ్చేది తాత్కాలిక రిజిస్ట్రేషన్, మూడేళ్లకే. కార్యక్రమాలు మొదలైన ఆరు నెలల్లోగా, లేదా గడువు తీరడానికి కనీసం ఆరు నెలల ముందు, ఏది ముందైతే ఆలోపు రెగ్యులర్ రిజిస్ట్రేషన్ కోసం 10ఏబీ ఫారం వేయాలి. ఈ ‘ఏది ముందైతే’ దగ్గరే జారిపోతారు. చేతిలో మూడేళ్లున్నాయని కూర్చుంటారు. 2021లో ఐదేళ్లకు తీసుకున్న పాత సంఘాల గడువు 2026 మార్చి 31తో తీరింది. వాళ్లు 2025 సెప్టెంబరు 30లోగా పునరుద్ధరణకు వేయాల్సింది. వేయనివాళ్లు సరైన కారణం చూపి ఆలస్యాన్ని మన్నించమని అడగవచ్చు, 2024 అక్టోబరు 1 నుంచి ఇన్‌కమ్ ట్యాక్స్ కమిషనర్‌కు ఆ అధికారం ఉంది. ఇక్కడి, కింద వచ్చే 80జీ దగ్గరి నంబర్లు 1961 ఇన్‌కమ్ ట్యాక్స్ చట్టం నాటివి. 2026 ఏప్రిల్ 1 నుంచి 2025 ఇన్‌కమ్ ట్యాక్స్ చట్టం అమలులో ఉంది కాబట్టి పోర్టల్ చూపే నంబరునే పట్టించుకోండి.

గడువులో వేసినా తిరస్కరించారంటే ఎక్కువసార్లు కారణం ఈమెయిలే. హైదరాబాద్‌లోని ఎగ్జెంప్షన్స్ కమిషనర్ ఆఫీసు అడిగిన వివరాలు పాత ఆడిటర్ మెయిల్‌కు పోతాయి, జవాబు లేదని కొట్టేస్తారు. ఇన్‌కమ్ ట్యాక్స్ పోర్టల్ ప్రొఫైల్‌లో మెయిల్, ఫోన్, కీ పర్సన్ (సంఘం ముఖ్య బాధ్యుడు) వివరాలు మార్చాకే అప్లికేషన్ పెట్టండి. బైలాస్‌లో, సంఘం రద్దయితే ఆస్తి సభ్యులకు పోకుండా అదే ఆశయాలున్న మరో సంస్థకు చేరుతుందనే నిబంధన లేకపోయినా అడ్డు తగులుతుంది. జనరల్ బాడీలో సవరించి, రిజిస్ట్రార్ దగ్గర నమోదు చేయించాలి.

దాతకు 80జీ మినహాయింపు రావట్లేదు

80జీ అంటే సంఘానికి ఇచ్చిన విరాళంపై దాతకు దొరికే పన్ను మినహాయింపు. దానికోసం దాతల వివరాలు ఇచ్చే ఫారం 10బీడీ వేశారా? గడువు మే 31. దాటితే రోజుకు 200 రూపాయల రుసుము. వేశాక డౌన్‌లోడ్ చేసిన 10బీఈ సర్టిఫికెటే దాతకు ఇవ్వాలి, మీ రసీదు పుస్తకంలోని చీటీ చాలదు. దాత పాన్ తప్పు పడితే సవరించిన 10బీడీ వేయవచ్చు. 2,000 రూపాయలు దాటిన నగదు విరాళానికి మినహాయింపు లేదు. కొత్త పన్ను విధానం ఎంచుకున్న దాతకు ఎలాగూ రాదు, ముందే చెప్పేయండి.

మిగతావి

కొత్త రిజిస్ట్రేషన్ తిప్పి పంపితే పేరు ఇప్పటికే ఉన్నదానికి దగ్గరగా ఉందేమో, ఏడుగురు నిండారో లేదో, ఇంటి యజమాని అభ్యంతరం లేదని రాసిచ్చారో లేదో చూస్తే చాలు. విదేశీ విరాళాల చిక్కులు మన దగ్గర చిన్న సంఘాలకు అరుదు. ఉంటే ఆ విషయం తెలిసిన ఆడిటర్‌నే పట్టుకోండి, ఢిల్లీ స్టేట్ బ్యాంకు ఖాతా లేకుండా విదేశీ విరాళం ఒక్క రూపాయి కూడా తీసుకోవద్దు.