ఎలా చేయాలి: పన్ను ఎగవేశారంటూ వచ్చిన జీఎస్టీ నోటీసుకు జవాబు

జీఎస్టీ పోర్టల్‌లో డీఆర్‌సీ-01 (పన్ను బాకీ ఉందంటూ సంజాయిషీ అడిగే నోటీసు) పడగానే చాలామంది దాన్ని ఆడిటరు వాట్సాప్‌కు పంపేసి మళ్ళీ కౌంటర్లో కూర్చుంటారు. గడువు దగ్గరపడ్డాక, ఇరవై ఎనిమిదో రోజున ఆయన "బిల్లులేవండీ?" అంటే అప్పుడు మొదలవుతుంది పరుగు. ఆ హడావుడిలో రాసిన జవాబులు చదివి చదివి విసిగిపోయాను.

నోటీసులో చెప్పిన ఏడాది జీఎస్టీఆర్-1 (అమ్మకాల రిటర్న్), 3బీ (పన్ను కట్టే రిటర్న్), 2ఏ (మీకు అమ్మినవాళ్ళు చూపిన బిల్లుల పట్టిక), వార్షిక రిటర్న్, కొనుగోలు బిల్లులు, ఈ-వే బిల్లులు, బ్యాంకు స్టేట్‌మెంటు ప్రింటు తీసి ఒకే ఫైలులో పెట్టండి. ఒక సాయంత్రం చాలు. ఫోన్‌లో చూసుకుంటూ జవాబు రాయకూడదు, అంతే.

తర్వాత నోటీసులో సెక్షను చూడండి. అందరూ ముందు చివరి పేజీలో మొత్తం చూస్తారు, అదే తప్పు. 73 అంటే పొరపాటు: పన్నులో 10 శాతం లేదా 10,000 రూపాయలు, ఏది ఎక్కువైతే అది జరిమానా. 74 అంటే మోసం: పన్ను ఎంతో జరిమానా అంత. వడ్డీ ఎలాగూ తప్పదు. 2024-25 ఆర్థిక సంవత్సరం నుంచి రెండింటికీ కలిపి 74ఏ వచ్చింది. ఎగవేత 5 కోట్లు దాటిందంటే సెక్షన్ 132 కింద అయిదేళ్ళ దాకా జైలు, అందులో కొన్ని నేరాలకు బెయిలు హక్కుగా రాదు. మీది ఆ కోవలోదైతే క్రిమినల్ లాయరును కలవకుండా సమన్లకు వెళ్ళకండి.

ఇక అసలు కష్టం. 74 నోటీసులో ఆరోపణలు రెండు: పన్ను తక్కువ కట్టారని ఒకటి, కావాలని దాచారని మరొకటి. వందలో తొంభై మంది మొదటిదానికే జవాబు రాస్తారు. రెండోదానికి మాట్లాడకపోతే ఒప్పుకున్నట్టే రాసేస్తారు ఆర్డరులో.

నా దగ్గరికి ఒక పైపుల వ్యాపారి వచ్చాడు. అమ్మినవాడు రిటర్న్ వేయకపోవడంతో 6 లక్షల ఇన్‌పుట్ క్రెడిట్ (కొనుగోళ్ళపై కట్టిన పన్నుకు వచ్చే తగ్గింపు) 2ఏలో కనబడలేదు. సరుకు వచ్చింది, డబ్బు బ్యాంకులోంచే వెళ్ళింది. కానీ అప్పటికే ఎవరో రాసిచ్చిన జవాబులో "తెలియక జరిగింది, క్షమించగలరు" అని ఉంది. ఆ ఒక్క వాక్యం పట్టుకుని మరో 6 లక్షలు జరిమానా వేశారు. 73 కింద అయితే 60 వేలతో పోయేది. దయచేసి జవాబులో క్షమాపణ రాయకండి.

రెండో ఆరోపణకు విడిగా శీర్షిక పెట్టి రాయండి. చట్టం ప్రకారం దాచడం అంటే రిటర్న్‌లో చెప్పాల్సింది చెప్పకపోవడం, లేదా అధికారి రాతపూర్వకంగా అడిగిన సమాచారం ఇవ్వకపోవడం. ఆ లావాదేవీ మీ రిటర్న్‌లో ఏ నెల, ఏ గడిలో ఉందో చూపండి. లారీ రసీదు, కాటా చీటీ జతచేయండి. ఆరోపణకు ఆధారమేమిటో నోటీసులో లేకపోతే ఆ మాటే సూటిగా రాయండి.

తేదీ కూడా లెక్కపెట్టండి. 73 నోటీసుకు గడువు వార్షిక రిటర్న్ ఆఖరి తేదీ నుంచి 2 ఏళ్ళ 9 నెలలు. అది దాటాక వచ్చిన 74 నోటీసులో మోసం నిలబడకపోతే కేసే కొట్టేయాలని కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు 2022 డిసెంబరు 27 నాటి 185వ సర్క్యులరు చెబుతోంది. 2017-18 నుంచి 2019-20 దాకా గడువులు పొడిగించారు కాబట్టి ఆ ఏళ్ళకు విడిగా చూసుకోండి.

నిజంగానే దాచి ఉంటే మాత్రం ఈ వాదనలు వద్దు. 74 నోటీసు వచ్చిన 30 రోజుల్లో పన్ను, వడ్డీ, 25 శాతం జరిమానా డీఆర్‌సీ-03 (చెల్లింపు ఫారం)లో కట్టేస్తే, సెక్షన్ 132 కేసు తప్ప, ఆ నోటీసు మీద కేసు అక్కడితో ముగుస్తుంది. ఆర్డరు వచ్చాక 30 రోజుల్లో అయితే 50 శాతం. "ఆఫీసులో నేను చూసుకుంటా" అనే మధ్యవర్తికి ఇచ్చే డబ్బుకు రసీదు ఉండదు, కేసూ పోదు. రాతలో జవాబే నయమని నేను పట్టుబట్టేది అందుకే.

డీఆర్‌సీ-06లో జవాబు ఎక్కించేటప్పుడు పర్సనల్ హియరింగ్‌కు 'అవును' పెట్టండి. హియరింగ్‌కు వాయిదాలు మూడుకు మించి ఇవ్వరు. ఆర్డరు వ్యతిరేకంగా వస్తే అప్పీలుకు మూడు నెలలు, వివాదంలో ఉన్న పన్నులో 10 శాతం ముందే కట్టాలి. ఆర్డరు అందిన తేదీని ఫైలు అట్ట మీద రాసి పెట్టుకోండి.