డాకింగ్ నేర్చుకుందాం – 4వ పాఠం: లేజర్‌తో దూరం కొలవడం

డాకింగ్ అంటే అంతరిక్షంలో రెండు ఉపగ్రహాలను ఒకదానితో ఒకటి కలపడం. పోయిన పాఠంలో ఛేజర్‌ను (వెంటాడి వచ్చే ఉపగ్రహం) టార్గెట్ (అది చేరాల్సిన ఉపగ్రహం) ఉన్న కక్ష్యలోకి తీసుకొచ్చాం. ఇప్పుడు రెండింటి మధ్య 5 కిలోమీటర్లు ఉన్నాయనుకోండి. ఇక్కడి నుంచి లేజర్ పని మొదలవుతుంది.

మణికొండలోనో మియాపూర్‌లోనో కొత్త ఫ్లాటుకు కొలతలు తీసే ఇంటీరియర్ వాళ్ల చేతిలో లేజర్ మీటర్ చూసే ఉంటారు. ఇదీ ఆ బాపతే: కాంతిని పంపడం, అది తిరిగొచ్చాక దూరం లెక్కకట్టడం. కాంతి నానోసెకనుకు దాదాపు 30 సెంటీమీటర్లు వెళ్తుంది. పోయి రావాలి కాబట్టి మన లెక్కకు 15 సెంటీమీటర్లే. అంటే 5 కిలోమీటర్లకు 33 మైక్రోసెకన్లు, 3 మీటర్లకు 20 నానోసెకన్లు.

అయితే గోడ కాంతిని నాలుగు వైపులా చిమ్ముతుంది, కాబట్టి కొంతైనా మీటర్‌కు తిరిగొస్తుంది. ఉపగ్రహానికి చుట్టిన మెరిసే రేకు అలా కాదు, కాంతిని ఎటో తోసేస్తుంది. అందుకే టార్గెట్ మీద కార్నర్ క్యూబులు, అంటే మూలలో మూడు అద్దాలు కలిసినట్టుండే పరికరాలు, బిగిస్తారు. ఇది చదివితే సరిపోదు, చేసి చూడాలి. ఫొటో ఫ్రేములు కట్టే షాపులో మూడు చదరపు అద్దం ముక్కలు కోయించుకోండి, అంచులు సాన పట్టించడం మరచిపోవద్దు. వాటిని అట్టపెట్టె మూలలో ఒకదానికొకటి నిటారుగా అతికించండి. ఒక కన్ను మూసి మూలలోకి చూడండి. ముఖం తలకిందులుగా ఉంటుంది, తెరిచిన కన్ను మాత్రం సరిగ్గా మూడు అద్దాలు కలిసే చోటే కనబడుతుంది. తల అటూ ఇటూ జరపండి, కన్ను అక్కడి నుంచి కదలదు. ఏ దిక్కు నుంచి వచ్చిన కాంతి ఆ దిక్కుకే తిరిగి పోతోందన్నమాట. (ఈ ప్రయోగానికి లేజర్ పాయింటర్ మాత్రం వాడకండి. కొట్టిన కిరణం మీ కంట్లోకే వస్తుంది.)

ఇక అసలు చిక్కు. దూరం 10 రెట్లు తగ్గితే క్యూబ్ మీద పడే కాంతి 100 రెట్లు పెరుగుతుంది. తిరుగు ప్రయాణంలో మళ్లీ 100 రెట్లు. మొత్తం 10,000. 5 కిలోమీటర్ల నుంచి 50 మీటర్లకు వచ్చేసరికి అది 10 కోట్ల రెట్లు! దూరంలో మిణుకుమనే వెలుగును పట్టుకునే రిసీవర్‌కు దగ్గరకొచ్చాక కళ్లు బైర్లు కమ్ముతాయి. అన్ని దూరాలకూ ఒకే సెన్సర్ సరిపోకపోవడానికి నా దృష్టిలో పెద్ద కారణం ఇదే.

ఇస్రో తన డాకింగ్ ప్రయోగం స్పేడెక్స్‌లో చేసిందీ అదే: దూరాన్ని బట్టి వేర్వేరు సెన్సర్లు వాడింది. 2024 డిసెంబర్ 30న పీఎస్‌ఎల్‌వీ-సీ60 మీద వెళ్లిన రెండు 220 కిలోల ఉపగ్రహాలు 2025 జనవరి 16న కలిశాయి. లేజర్ రేంజ్ ఫైండర్ 6,000 మీటర్ల నుంచి 200 మీటర్ల దాకా చూసుకుంది, ఆ తర్వాతి దూరాలకు వేరే సెన్సర్లు. ఒకటి ఆగకముందే ఇంకొకటి అందుకునేలా వాటి పరిధులు ఒకదాని మీద ఒకటి వచ్చేలా పెట్టారు. అన్నట్టు, ఆ ఉపగ్రహాలను కూర్చి పరీక్షించింది మన హైదరాబాద్ కంపెనీ అనంత్ టెక్నాలజీస్, బెంగళూరులోని తన కేంద్రంలో.

ఇంటిపని రెండు లెక్కలు.

ఒకటి: లేజర్ పల్స్ (ఒక్కసారి వెలిగి ఆరే మెరుపు) నిడివి 10 నానోసెకన్లు. పల్స్ పూర్తిగా బయటికి వెళ్లకముందే దాని మొదటి కొస తిరిగొచ్చేస్తే కొలత చెడిపోతుంది. అలా చెడకుండా ఎంత దగ్గరి దాకా కొలవగలం?

రెండు: స్పేడెక్స్ చివరి దశలో దగ్గరైన వేగం సెకనుకు 10 మిల్లీమీటర్ల స్థాయిలో ఉంది. మీ సెన్సర్ సెకనుకు ఒకసారి కొలుస్తుంది, ప్రతి కొలతలో 5 సెంటీమీటర్లు అటూ ఇటూ కావచ్చు. వరుసగా రెండు కొలతలు తీసివేసి వేగం చెబితే నమ్మొచ్చా? నమ్మకూడదంటే ఏం చేస్తారు?