స్థలం మీదే, సమాధి మీది కాదు: అవశేషాల తరలింపులో వచ్చే చిక్కులు

సమస్య: కొన్న స్థలంలో పాత సమాధులున్నాయి. చదును చేయబోతే గొడవైంది, పోలీసులు వచ్చారు.

కారణం: రిజిస్ట్రేషన్‌తో దక్కేది నేల మాత్రమే. అందులోని అవశేషాలను కదిలించే హక్కు దస్తావేజుతో రాదు. భారతీయ న్యాయ సంహిత 301వ సెక్షన్ ప్రకారం, ఇతరుల మనోభావాలు గాయపడతాయని తెలిసీ సమాధి స్థలంలో చొరబడినా, అవశేషాలను అవమానించినా ఏడాది వరకు జైలు, జరిమానా లేదా రెండూ పడవచ్చు. ఇంగ్లండ్‌లో 1857 నాటి చట్టం ప్రకారం తగిన లైసెన్సు లేదా చర్చి అనుమతి లేకుండా తవ్వి తీయడమే నేరం.

పరిష్కారం: ముందు యంత్రం ఆపండి. ఫొటోలు తీయండి, సర్వే చేయించి ఒక్కో సమాధినీ పటంలో గుర్తించండి. గుర్తులేని చోట ఎముకలు బయటపడితే ముట్టుకోకుండా పోలీసులకు చెప్పండి. అవి పాతవో కొత్తవో తేల్చాల్సింది మీరు కాదు. అనుమతి ఎవరివ్వాలో ప్రాంతాన్ని బట్టి మారుతుంది. కాబట్టి స్థానిక సంస్థనూ జిల్లా యంత్రాంగాన్నీ లిఖితపూర్వకంగానే అడగండి. నోటిమాటగా వచ్చిన ‘సరే’ రేపు కోర్టులో నిలవదు.

సమస్య: సమాధి తరలింపుకు పెద్దకొడుకు సంతకం చేశాడు, అతని చెల్లెలు కోర్టు నుంచి స్టే తెచ్చింది.

కారణం: ఎదురుగా దొరికినవారితోనే పని కానివ్వాలనుకోవడం. నా దృష్టిలో అసలు తప్పు ఇదే. ఆ సమాధి దగ్గర ఏడ్చినవాళ్లందరికీ అందులో మాట ఉంటుంది.

పరిష్కారం: వంశవృక్షం రాయించి, దగ్గరి బంధువులందరి సమ్మతీ రాతపూర్వకంగా తీసుకోండి. ఆచూకీ తెలియనివారి కోసం పత్రికా ప్రకటన ఇవ్వండి, స్థలంలో నోటీసు అంటించండి. ఒక్కరు కాదన్నా కోర్టే దారి. అక్కడా సులువు కాదు. ఖననం చేసిన దేహాన్ని బలమైన కారణం లేకుండా కదిలించకూడదని 2022లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. నిర్మాణానికి అడ్డుగా ఉందన్నది అంత బలమైన కారణమని ముందే అనుకోవద్దు. ప్లాను మార్చి సమాధులను ఉన్నచోటే కాపాడగలిగితే అదే మేలు.

సమస్య: తవ్వారు, కానీ ఎవరి ఎముకలు ఎవరివో కలిసిపోయాయి.

కారణం: కూలీలను పెట్టి పారలతో తోడించడం.

పరిష్కారం: అధికారి సమక్షంలో, చుట్టూ తెర కట్టి, అనుభవజ్ఞులతో చేయించి పంచనామా రాయించండి. చివరి అడుగు మట్టి చేత్తో తీసి జల్లెడ పట్టాలి. పెద్దవారి 206 ఎముకల్లో 106 చేతుల్లో, పాదాల్లో ఉండేవే. చిన్నవి మట్టిలో ఇట్టే జారిపోతాయి. ఒక్కొక్కరికీ వేరే పెట్టె, లోపలా బయటా పేరు చీటీ ఉండాలి.

సమస్య: కొత్త శ్మశానవాటిక చేర్చుకోనంటోంది.

తీయడానికి అనుమతి వేరు, మళ్లీ పూడ్చడానికి అనుమతి వేరు. రెండోది చేతికొచ్చాకే తవ్వకానికి తేదీ పెట్టండి.